కెమెరా స్టాండు మీద ఛర్రా గన్ను

లాల్‌దర్వాజాల కళావతి చాయ్ బండి కాడ నలుగురు జమైతే చాలు, ఆమె పెనిమిటి ఆగయ్య గదే కత మొదలువెడ్తడు. బోనాల జాతరల చిన్న గుండ్లేసే ఛర్రా గన్నుతోని గాలిబుగ్గలు కొట్టే దుకాణం ఆయనదే.

“గన్నును స్టాండు మీద కట్టుడంటే ఉత్త ముచ్చట కాదు భాయ్. మా మనుమరాలు స్వీటీకి పుట్టినప్పటిసంది కుడి చెయ్యి లేవదు గదా. ఏటేటా జాతరకొచ్చి, పోరగాండ్లు కొడ్తుంటె చూసి పోతుండె. ఈసారి నా అంగి వట్టుకొని, తాతా, నేను గూడ కొడ్త, నా గన్నును ఎవ్వలు వట్టుకోవద్దు అన్నది. నా పానం గుంజింది. సీదా పోయి ఈ మురళి పెండ్లి ఫోటోలు తీసే స్టాండు ఎత్తుకొచ్చిన.”

“అడగకుండనే,” అన్నడు మురళి, చాయ్ ఊదుకుంట.

“నీది నాది ఏందిర. ఇనుండ్రి. జారొద్దని గన్ను కింద సైకిల్ ట్యూబు ముక్క ఏసిన. పైన పైపులకు ఏసే క్లాంపు వెట్టి బోల్టులు బిగించిన. స్టాండు కాళ్లు ఎడంగ జరిపి, నడుమల ఇసుక సంచి వేలాడగట్టిన. ఊపి చూస్తె గన్ను కదలలే, నేనే ఊగిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? అమ్మవారి ఘటం తోని వచ్చే ఏనుగు ఉంటది చూడు, అది వచ్చి స్టాండుకు తాకింది. ఏనుగే కూలవడ్డది. మావటాయన లేచి నాకు సలాం కొట్టిండు.”

“ఏనుగు ఏమన్నది మరి?” అన్నడు మురళి.

“శరమయ్యి పక్క గల్లీలకెళ్లి పోయింది. గది ఇడువు. స్వీటీ కూసుంది, ఎడమ చేతి ఏలు వెట్టి నొక్కింది. ఒక్కటే ఛర్ర భాయ్. చెక్క పలకకు కట్టిన బుగ్గలన్నీ టపటప పగిలినయ్. ఛర్ర ఆగిందా, ఆగలే. చార్మినార్ కాడ మలుపు తిరిగి, పురానాపూల్ మీద ఎగిరే పతంగి మాంజా కోసి, బహదూర్‌పురా జూల వడ్డది. గాడ సింహం ఆవలిస్తుంటె దాని పిప్పిపన్ను ఊడగొట్టింది. ఎన్నేండ్లసంది నొస్తుండెనో, పాపం, ఆ దినం కడుపునిండ తిన్నదంట. జూ డాక్టరు వచ్చి పొల్లకు దండం వెట్టి పోయిండు.”

కళావతి గ్లాసులు కడుగుడు ఆపింది.

“అయ్యిందా? ఇగ నేను చెప్త. గంత బిగ్గట్టుగ కట్టిండు, గన్ను అటు తిరగది ఇటు తిరగది. ఇసుక బరువుకు స్టాండు జరగది. పొల్ల ఏడ్పుమొఖం వెట్టింది. గప్పుడు ఈయన బుగ్గల పలకనే ఎత్తుకొని, ఛర్ర తాకకుండ దానికి కొట్టిన ఇనుప రేకు ఎనుక ముడుసుకొని కూసొని, గన్ను మూతి ముందటికి బుగ్గను తెచ్చుడు షురూ జేసిండు. తాతా ఎడమకు, తాతా మీదికి అని పొల్ల చెప్పుడు, ఈయన జరుపుడు. మోకాళ్లు పట్టుకపోయినా లేవలే. ఆఖరికి ఒక్క ఎర్ర బుగ్గ పగిలింది. గల్లీ మొత్తం చప్పట్లు కొట్టింది. డప్పుల మోతల ఈయనకు ఇనవడలే. ఇంక ఎడమకా బిడ్డా అనుకుంట పలక జరుపుతనే ఉన్నడు. పొల్లనే ఉరికొచ్చి, తాతా లే, కొట్టిన అని మెడకు చుట్టుకుంది.”

మురళి నవ్వబోయి, ఆగయ్య దిక్కు చూసి చాయ్ గ్లాసు కింద వెట్టిండు.

“లోకమంత చూసింది, నేనే చూడకపోతినే,” అన్నడు ఆగయ్య మెల్లగ. “గందుకే రోజూ చెప్పుకుంట. చెప్తుంటె జర కనవడ్తది.”