లక్క వేయని బంటు

భద్రాచారి అని ఒకడుండేవాడంట. అంకుడు కర్రతో బొమ్మలు చెక్కి లక్క పూసేవాడు. మా ఊరి చదరంగం బొమ్మలు, ఎర్రవి గాని పసుపువి గాని, అన్నీ ఆయన చేతివే అనుకో. చేతిలో అంత పనుందా, కడుపులో మాత్రం ఒకటే మంట. ఎవరి మీదంటావా? సొంత బావమరిది నాగలింగం మీద. వాడు బండి చక్రాలు చేసుకునేవాడు. ఏటా ఉగాదికి నాయుడుగారి అరుగు మీద చదరంగం ఆడేవాళ్ళు. గెలిచినోడికి నాయుడుగారే తలపాగా చుట్టేవారు. వరసగా మూడేళ్ళు నాగలింగానికే చుట్టారు. పైగా భద్రాచారి పెళ్ళాం కనకమ్మ, అన్నం వడ్డించినప్పుడల్లా "మా తమ్ముడికి తలపాగా ఎంత బాగా అమిరిందో చూశావా" అనేదంట. ముద్ద దిగుద్దా మరి? నువ్వు చెప్పు సూరమ్మా, దిగుద్దా?

ఓరోజు మండిపోయి, ఈ ఉగాదికి తలపాగా నా తలకి రాకపోతే మళ్ళీ చదరంగం బొమ్మ చెక్కను, నా ఉలి మీద ఒట్టు అనేశాడు. అని కూర్చుని ఆలోచించాడు. ఈ నాగలింగం గుట్టేంటి? రెండో ఎత్తులోనే రాజు పక్క బంటును ఎదుటోడి నోటికందేలా తోస్తాడు. ఎదుటోడు తింటాడు. దారి తెరుచుకుంటుంది, వెనకాల ఏనుగు, గుర్రం మీద పడిపోతాయి. ఓస్ ఇంతేనా, నేనూ ఇస్తాననుకున్నాడు. ఇంట్లో ఒక్కడే కూర్చుని, అరుగు మీద ఆడే బొమ్మల్లోంచి ఎర్ర బంటు పట్టుకున్నాడు. చెయ్యి రాదే! నాలుగుసార్లు లక్క పట్టించి, మొగలాకుతో రుద్ది మెరుపు తెచ్చిన బంటది. దీన్ని ఆ చక్రాలోడు తినడమా? అప్పుడేం చేశాడంటే, ఎర్ర బంటు తీసి రొండిన దోపుకున్నాడు. మిగిలిన కర్రముక్కతో ఇంకో బంటు గబగబా చెక్కాడు. లక్క లేదు, మెరుపు లేదు. పోతే పోయిందిలే అన్నట్టుంది.

ఉగాది వచ్చింది. ఊరంతా అరుగు చుట్టూ మూగింది, కనకమ్మ కూడా వచ్చింది. భద్రాచారి రెండో ఎత్తులో ఆ మోటు బంటును ముందుకు తోశాడు. నాగలింగం దాన్ని చూశాడు, బావని చూశాడు, తినలేదు. గుర్రం కదిపాడు.

"తినవేంరా?"

"ఆకలిగా లేదు బావా."

ఇంకో గడి తోశాడు. "ఇప్పుడు తిను."

"నీకే అక్కర్లేనిది నాకెందుకు బావా?"

జనం గొల్లుమన్నారు. బంటును తినిపించాలన్న పంతంలో భద్రాచారి మళ్ళీ తోశాడు. రాజు పక్క ఖాళీ అయిపోయింది, ఆయన అది చూసుకోలేదు. నాగలింగం మంత్రి ఆ సందులోంచే వచ్చి కూర్చున్నాడు. ఆట కట్టు.

నాగలింగం లేస్తూ మెల్లగా అన్నాడంట, "నేనిచ్చేది నాకు పనికొచ్చే బంటే బావా. ఇచ్చినప్పుడల్లా నాకూ గుండె జారుద్ది." నాయుడుగారు నాలుగోసారి వాడికే చుట్టారు. కనకమ్మ ఆ పూట అన్నం వడ్డిస్తూ తమ్ముడి ఊసే ఎత్తలేదంట. అదింకా మండిందంట ఆయనకి.

ఒట్టు మాత్రం తప్పలేదు, మళ్ళీ చదరంగం బొమ్మ ముట్టలేదు. రొండిన దోపిన ఎర్ర బంటు కూడా చచ్చేదాకా ఎవరికీ ఇవ్వలేదు. అందుకే ఇప్పటికీ మా ఊళ్ళో ఆ బొమ్మలతోనే ఆట, ఎర్రవైపు ఒక బంటుకి లక్కుండదు. దాన్ని ఎవడూ తినడు. తినకపోతే దారి తెరుచుకోదుగా, అందుకని ఆ వైపు కూర్చోడానికి ఎవడూ ఒప్పుకోడు. నేనెళ్తే మాత్రం, పెద్దోడివి రా అని నన్నే అటు కూర్చోబెడతారు.