కండ్లజూసిన నెత్తురు

పందొమ్మిదివందల నలభై ఆరు, ఎండాకాలం. చిత్తూరులో ఒక మిషన్ ఆసుపత్రి. ఊరందరికీ చెమటలు పట్టించే మోతుబరి చెంగల్రాయుడికి మంచం మీద తనకే చెమటలు పడుతున్నాయి. పక్కన సూది పట్టుకుని నర్సు తాయమ్మ.

“అంత లావు సూదా?”

“నెత్తురు తీసే సూది అంతే ఉంటాదయ్యా. చెయ్యి సాపండి.”

“భయమనుకున్నావా? చెంగల్రాయుడు భయపడినాడంటే మా ఊర్లో నవ్వుతారు.”

“విన్నాలేయ్యా. పిడికిలి మూయండి... తెరవండి... మళ్ళా మూయండి.”

“అబ్బా! రొంత మెల్లగా!”

“అయిపోయింది. సీసాలోకి దిగతా ఉండాది, సూడండి.”

“సూడను. తీయకపోతే ఏమైతాదంట?”

“నెత్తురు పోటెక్కువై తలలో నరం తెగుతాదని డాక్టరు చెప్పినాడు గదా. ఒక సీసా తీస్తే దిమ్ము దిగిపోతాది.”

“తీసింది ఏం చేస్తారు? కాలవలో పారబోస్తారా?”

“వద్దంటే కాలవలోనే. సరేనంటే అక్కరున్న మనిషికి ఎక్కిస్తారు. మీ మాటే.”

“మా తాత ముత్తాతల నెత్తురు కాలవలో పోస్తావా? ఎక్కించు. చెంగల్రాయుడు దానం చేసినాడని డాక్టరుతో గట్టిగా చెప్పు.”

“చెప్తానయ్యా. అందరికీ చెప్తా.”

“అది సరే... అవతలి గదిలో ఒకడుండాడంటనే. పెంచలయ్య.”

“ఉండాడు.”

“నోరు తెరిచినాడా?”

“చెయ్యి కదిలించొద్దు.”

“అడిగిందానికి చెప్పు మే!”

“లేదయ్యా. ఒంట్లో నెత్తురంతా పోగొట్టుకోని వచ్చినాడు. నరంలోకి ఉప్పునీళ్ళు ఎక్కిస్తా ఉండారు. ఊపిరి నిలబడింది గానీ మాట లేదు. నెత్తురు పడితే లేస్తాడంట.”

“వానికెవడిస్తాడు!”

“ఎవరూ రాలేదు. వాకిట్లో పోలీసాయన మాత్రం కాసుకోనుండాడు, కొట్టినోళ్ళ పేరు చెప్తాడేమోనని.”

“ఎవరు కొడతారు? యా చెట్టుమీద నుంచో పడింటాడు.”

“మోటబావి కాడ చెట్టేడుండాదయ్యా?”

“...బావి సంగతి నీకెవరు చెప్పినారు?”

“అనుకుంటా ఉండారు. దప్పికై ముంత ముంచినాడంట.”

“అంటరానోడు ముంచితే మా నీళ్ళేం కావల్ల? ఒకణ్ణి వదిలితే వాళ్ళ పల్లె పల్లెంతా వచ్చి కూసుంటాది. అందుకే నెత్తురు కండ్లజూసినా... జూసినారు, ఎవరో.”

“ఎవరో.”

“ఆ, ఎవరో. నువ్వు యా ఊరు మే?”

“ఆసుపత్రే నా ఊరయ్యా. సీసా నిండింది. గమ్మున పండుకోండి.”

సాయంత్రం. అదే మంచం.

“నర్సమ్మా! నీళ్ళు! నోరెండిపోతా ఉండాది.”

“ఇదో, తాగండి.”

“ఆ... సల్లగుండాయి. తల కూడా తేలికైంది. అవతల ఏందా సందడి? సచ్చినాడా?”

“ఎవరు తోడిన నీళ్ళో అడగలేదే?”

“ఏం?”

“నా చేత్తో తోడినా. నేను పెంచలయ్య అక్కను.”

“ఏమన్నావ్? ...ఏమన్నావ్ మే?”

“లేయొద్దు, కట్టు ఊడతాది. నీ నెత్తురు కండ్లజూస్తానని మాయమ్మ మీద ఒట్టేసినా. పొద్దున జూసినా, సీసా నిండా. సూది నా చేతిలోనే ఉండె. ఇంకో సీసా పెట్టి గమ్మునుండుంటే అడిగేవాడు లేడు.”

“మరి... మరెందుకు...”

“నువ్వు సస్తే నాకేమొస్తాది? తోడబుట్టినదాన్నైనా నా నెత్తురు వానికి కలవలేదు. డాక్టరు నిన్ననే నీ సుక్క, వాని సుక్క అద్దం మీద కలిపి జూసినాడు. నీది కలిసింది.”

“నా నెత్తురు... వానికా? తీసేయమను! తీసేయమను!”

“దానం చేసింది వెనక్కి అడుగుతారా?”

“వాడు... లేసినాడా?”

“లేసినాడు. పోలీసాయనకి నీ పేరు చెప్తా ఉండాడు. నీ నెత్తురే గదా, నీ పేరు మరిచిపోతాదా?”