ఉడుంపట్టు

ఫ్లూ వైరస్‌ను పట్టే పరీక్షలు తయారుచేసే ల్యాబు. అద్దాల గది బయట బెంచీ మీద ఇద్దరు: ల్యాబు డాక్టరమ్మ, కొడుకుని ఆ జ్వరానికే పోగొట్టుకున్న తల్లి.

"చెప్పులు బయటే విడిచాను, చేతులూ కడుక్కున్నాను. ఇంక చెప్పు తల్లీ, ఎలా ఉన్నాడు మా ఉడుం?"

"కూర్చోండమ్మా. టీ తాగుదురుగాని."

"టీ సంగతి తర్వాత. ఎలా ఉన్నాడు?"

"చక్కెర వేయమన్నారా?"

"నేనొకటడిగితే నువ్వొకటి చెప్తావేంటి? ఎప్పుడూ నేను గుమ్మంలో ఉండగానే 'బాగున్నాడమ్మా' అనేదానివి."

"ముందు కూర్చోండి."

"ఇదిగో, కూర్చున్నాను. వాడికి ఆ పేరు పెట్టింది నేనే, తెలుసా? మెడ పట్టుకుంటే వదిలేవాడా! బడి గేటు దగ్గర టీచరూ నేనూ కలిసి లాగినా..."

"తెలుసమ్మా. చాలాసార్లు చెప్పారు."

"మళ్ళీ చెప్తే అరిగిపోతుందా?"

"అరగదు. అందుకేగా మా యాంటీబాడీకీ ఆ పేరే పెట్టుకున్నాం. వైరస్ ఒంటినిండా ముళ్ళలాంటి ప్రోటీన్లుంటాయి. మీవాడి రక్తంలో దొరికిన కణం తయారుచేసే యాంటీబాడీ ఆ ముల్లుని పట్టుకుందంటే వదలదు. పట్టిన చోట పరీక్ష పట్టీ మీద నల్లగీత పడుతుంది. 'ఉడుం పట్టిందా? ఆఁ, పట్టింది' అనుకుంటారు ఇక్కడ అందరూ."

"ఈసారి పట్టలేదా? అందుకేనా మొహం అలా పెట్టావు?"

"పట్టింది. ఎప్పట్లాగే పట్టింది."

"మరి?"

"పేరు మార్చాల్సి వస్తోందమ్మా. గొట్టాల మీద ఇంక 'ఉడుం' అని ఉండకూడదు."

"ఎందుకుండకూడదు? వాడి పేరు ఎవరికి అడ్డొచ్చింది?"

"అడ్డమని కాదు... కొత్త పద్ధతి పెట్టారు. ఫ్రీజర్లో దాచిన కణాలు ఎవరివో మళ్ళీ పరీక్ష చేసి చూసుకోవాలి. చూశాం."

"చూస్తే?"

"నోరు రావట్లేదమ్మా."

"చెప్పు. ఆసుపత్రిలో విన్నదానికంటే పెద్ద మాటా?"

"ఆ కణాలు మగపిల్లాడివి కావు. ఆడమనిషివి."

"ఆడమనిషివి."

"కోప్పడండమ్మా. తిట్టండి."

"టీ చల్లారిపోతోంది, తాగు."

"ఎక్కడో గొట్టాలు తారుమారయ్యాయి. ఎవరో పరాయి మనిషిని చూపించి, ఇన్నేళ్ళూ మీ అబ్బాయి, మీ అబ్బాయి అని..."

"పరాయి మనిషి కాదులే."

"అంటే?"

"మీవాళ్ళు పరిశోధనకని రక్తం అడిగారు కదా. సరేనన్నాను. నర్సమ్మ వచ్చేసరికి వాడికి అప్పుడే కాస్త కళ్ళు మూతపడ్డాయి. సూదంటే హడలు వాడికి. చేతులు రెండూ గుచ్చి గుచ్చి కమిలిపోయి ఉన్నాయి. ఇంకోసారి గుచ్చనివ్వడానికి నా ప్రాణం ఒప్పలేదు. వాడిది మాత్రం నా రక్తం కాదా అని, నా చెయ్యి చాపాను."

"ఆమె ఒప్పుకుందా?"

"మొదట కాదంది. వాడి దుప్పటి కాస్త తీసి చేతులు చూపించాను. ఇంకేం మాట్లాడలేదు. గొట్టం మీద వాడి చీటీ అంటించుకుని వెళ్ళిపోయింది."

"అప్పుడు మీకూ జ్వరమేనా?"

"ఇద్దరికీ ఒక్కసారే వచ్చింది. నాది దిగిపోయింది."

"అమ్మా..."

"మొదటిసారి నువ్వు ఆ నల్లగీత చూపించి, 'ఎంత గట్టిగా పట్టుకుందో చూడండి' అన్నావే, ఆ రోజు ఇంటికెళ్ళి గుండెలు బాదుకున్నాను. ఆసుపత్రికి పోయేముందు ఒకే మంచం మీద, ఒకే దుప్పటిలో పడుకున్నాం. ఆ వైరస్‌ను పట్టేది నా ఒంట్లో పుట్టిందట, వాడి ఒంటికి చేరలేదు. నా మెడ పట్టుకునే పడుకున్నాడు తల్లీ. అంత దగ్గరగా ఉండి కూడా."

"ఏడవకండి. కాదు... ఏడవండి, పర్లేదు."

"ఇంట్లో ఏడవడానిక్కూడా లేదు. వాడి పేరెత్తితే ఆయన లేచి బయటికి పోతారు. బట్టలు ఎవరికో ఇచ్చేశారు. మంచం తీయించేశారు. ఆయన బాధ ఆయనది, నేనేమంటాను!"

"అంటే మొదట్నుంచీ తెలుసు మీకు. ఆ ఫ్రీజర్లో ఉన్నది మీరేనని. వాడిది ఒక్క చుక్క కూడా అందులో లేదని."

"తెలుసు."

"తెలిసి కూడా, రెండు బస్సులు మారి, ఇంత దూరం... ఎవర్ని చూడ్డానికొస్తున్నారమ్మా?"

"చూడ్డానికి కాదు తల్లీ. 'బాగున్నాడమ్మా' అనేదానివి ఈ లోకంలో నువ్వొక్కదానివే కదా."