మూడు ప్రాణాల కౌలు

తగరపు గనిలో దిగినవాడు నలభై దాటడని ఇంగ్లండులోని కార్న్‌వాల్ భూస్వాముల నమ్మకం. గని కౌళ్ళు ఆ నమ్మకం మీదే రాసేవారు. 1786 అక్టోబరులో ఒక ఉదయం, పెన్‌వార్న్ దొర కచేరీలో దొర, ఆయన దివాను హాకిన్, గని మేస్త్రీ డిగొరీ నాన్‌కారో.

"ఇరవై ఒక్క ఏళ్ళ కౌలు కుదరదు, డిగొరీ. ఊరికే అడక్కు."

"ప్రాణాల లెక్కనే ఇవ్వండి, దొరగారూ."

"అంటే తెలుసుగా? ముగ్గురి పేర్లు రాయిస్తావు. వాళ్ళలో ఆఖరివాడు కన్నుమూసేదాకా గని నీది, నీ తర్వాత నీవాళ్ళది. ఆ తర్వాత నాది."

"తెలుసండీ. మా నాన్న కౌలూ అదేగా."

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"నేనెత్తలేదు. తెలుసా అని మీరే అడిగారు."

"తీసినదాంట్లో ఎనిమిదో వంతు నాకు."

"ఇస్తాను."

"ఇస్తావా? హాకిన్, వీడికి జ్వరమేమైనా తగిలిందా?"

"ఎవరైనా పన్నెండో వంతు దగ్గర మొదలెడతారయ్యా, మేస్త్రీ!"

"నాకు గని కావాలి, దివానుగారూ. మా నాన్న, అన్నలిద్దరూ ఇంకా ఆ అడుగునే ఉన్నారు."

"అది... నీళ్ళు తోసుకొచ్చాయి. ఎవరేం చేస్తారు?"

"కౌల్లో ఉన్న మూడు పేర్లూ వాళ్ళవే. ముగ్గురూ ఒక్క పూటలో పోయారు. సాయంత్రానికల్లా దొరగారు నీళ్ళు తోడే పంపు ఆపించి గనికి తాళం వేయించారు. శవాలన్నా తీసుకోనివ్వండని మా అమ్మ ఈ గుమ్మంలోనే మోకరిల్లింది."

"కౌలు తీరాక పంపు నాది. దాన్ని నడిపే బొగ్గు నాది. చట్టం అంతే."

"అంతేనండీ. అందుకే నేనూ చట్టం పట్టుకునే వచ్చాను. పేర్లు ఎవరివైనా పెట్టుకోవచ్చా?"

"నీ ఇష్టం. నువ్వు, నీ తమ్ముడు, ఆ దగ్గే బావమరిది... నవ్వకు, హాకిన్."

"ఒక్క షరతు, మేస్త్రీ. మన చర్చి పుస్తకంలో బాప్తిస్మం రాసి ఉన్నవాళ్ళే కావాలి. ఎక్కడో ఓడ మీద తిరిగేవాడి పేరు పెట్టి, బతికే ఉన్నాడంటే మేం ఎక్కడని వెతుకుతాం?"

"న్యాయమే. అదీ రాయండి. ఆ పుస్తకంలో ఉన్నవాళ్ళలో నేను చెప్పిన ముగ్గురు, అని."

"రాశాను. పేర్లకు జాగా వదిలాను. దొరగారూ, సంతకం ఇక్కడ. ముద్ర కూడా."

"ఇదుగో, వేశాను. ఊఁ, త్వరగా చెప్పు. వేటకు వెళ్ళాలి."

"రాసుకోండి. లవ్‌డే పెన్‌వార్న్, ఆరేళ్ళు."

"ఏమన్నావ్?"

"రాల్ఫ్ పెన్‌వార్న్, నాలుగేళ్ళు. థామసిన్ పెన్‌వార్న్, ఇంకా ఉయ్యాల్లోనే ఉంది."

"నా పిల్లలు! నా పిల్లల పేర్లు! హాకిన్, కొట్టెయ్!"

"ముద్ర... ముద్ర పడిపోయింది, దొరగారూ."

"పాలకు లోటు లేదు, వైద్యుడికి లోటు లేదు. గట్టి ప్రాణాలు. మా ఇంట్లో అలాంటివి మిగల్లేదు కనుక మీ ఇంట్లోవి తీసుకున్నాను. గని తిరిగి కావాలనిపించినప్పుడల్లా, దొరగారూ, ఆ ముగ్గురి మంచాల పక్కనా కూర్చుని ఎదురుచూడండి."

డిగొరీ తండ్రి, అన్నలిద్దరి ఎముకలూ మరుసటి వేసవిలో గనిలోంచి పైకి వచ్చాయి. డిగొరీ నాన్‌కారో ముప్పై ఎనిమిదో ఏట దగ్గుతో చనిపోయాడు. కౌలు 1867లో, థామసిన్ పెన్‌వార్న్ మరణంతో తీరింది.