అక్క పరుగుకి నా పాదాలు

ఎత్తు దూకే విద్యలో నన్ను మించిన గురువు ఈ భూమ్మీద లేడు బాబాయ్, కావాలంటే రాసిస్తా. అంటే, దూకేది మా అక్క, నేర్పేది డ్రిల్లు మాస్టారు. నేను పడ్డ కర్రని మళ్ళీ ఎత్తిపెట్టేవాణ్ణి. కానీ కర్రంటూ ఒకడు పెట్టకపోతే ఎంత గొప్పవాళ్ళైనా దేన్ని దూకుతారు చెప్పు?

టీ కొట్టు బాబాయ్ గ్లాసు నా ముందు పెట్టి, మొదలెట్టాడురా వీడు అన్నాడు. పక్కన చెప్పులు కుట్టే తాత తలెత్తలేదు. ఆయన ఒళ్ళో ఉన్నవి నా బూట్లే. అటక మీద పడుండి పడుండి అడుగు ఊడితే పొద్దున్నే తెచ్చిచ్చా.

మొదట పెరట్లో బట్టలారేసే తాడు దూకింది. అదేం గొప్ప, నేనూ దూకుతా అంటావు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ప్రహరీ గోడ దూకింది. పక్కింటావిడ కాకిని తోలుతున్నాననుకుని మా అక్కని హుష్ అంది. ఇక పెద్ద పోటీల్లో అయితే, అక్క లేచాక జడ్జీలు టీ తెప్పించుకుని తాగి, గ్లాసులు కడిగిచ్చినా అక్క ఇంకా పైనే ఉంది. అక్కణ్ణుంచి మా డాబా కనబడిందట. "తమ్ముడూ, వానొచ్చేలా ఉంది, బట్టలు తియ్యరా" అని అరిచింది. నేను ఇంటికెళ్ళి, బట్టలు తీసి, మడతపెట్టి వచ్చేసరికి అప్పుడు దిగింది.

బాబాయ్ నవ్వి నవ్వి పాలు పొంగించుకున్నాడు.

నవ్వకు, ఇదొక్కటి మాత్రం నిజం. అక్క ఎక్కణ్ణుంచి పరుగు మొదలెట్టాలో కొలిచేది నేనే. కర్ర దగ్గర్నుంచి మడమకి కాలి బొటనవేలు ఆనించుకుంటూ వట్టికాళ్ళతో నడిచి, సుద్దతో గీత గీసేవాణ్ణి. నా పాదం పెరిగినకొద్దీ లెక్క మార్చుకుంటూ వచ్చాం. ఆఖరి ఏడాది సరిగ్గా అరవై పాదాలు. మాస్టారు టేపు ఇస్తే అక్క పుచ్చుకోలేదు. "టేపు ఇంట్లో మర్చిపోతాం మాస్టారూ, వీడి కాళ్ళు మర్చిపోంగా" అంది.

అప్పుడు తాత బూటు తిరగేసి చూపించాడు. "కోతలు సరేగాని, దీని అడుగు చూడు. అరుగుదల లేదు. ముందు భాగంలో కాగితం కుక్కావు. అంతా కలిపి ఒక్కరోజు తొడిగుంటావు. ఏరోజురా అది?"

గ్లాసు కింద పెట్టేశా.

ఫైనల్ రోజు, తాతా. అంతకుముందు పోటీలో గెలిచిన డబ్బుతో అక్కే నాకు కొంది ఈ బూట్లు, ఎదిగే కాలు కదా అని ఒక సైజు పెద్దవి. ఆఖరిసారి దూకబోయే ముందు జల్లు పడి గీత చెరిగిపోయింది. మళ్ళీ కొలవాలి. సరిగ్గా అప్పుడే కెమెరాల వాళ్ళు వచ్చారు. నేను సంచిలోంచి బూట్లు తీసి తొడుక్కుని మరీ కొలిచా, అరవై. పాదానికి అరంగుళం తేడా. మొత్తం మీద గీత ఎంత వెనక్కి జరిగిందో నువ్వే చూసుకో.

అక్క ఎప్పట్లాగే అడుగులు లెక్కపెట్టుకుంటూ పరిగెత్తింది. కర్ర ఇంకా దూరంగా ఉంది. ఆగబోయింది, తడినేల, మోకాలు తిరిగిపోయింది. ఆరేళ్ళయింది. ఇప్పుడు ఎదురుగా ఆ బట్టల కొట్లో పై అరల్లోంచి తానులు తీస్తుంది, స్టూలు కూడా అక్కర్లేదు.

నిన్న బళ్ళోంచి ఆడపిల్లలు నలుగురొచ్చి, దూకడం నేర్పమని బతిమాలారు. "ఆఖరి నిమిషంలో భయపడిపోయినదాన్ని, నేనేం నేర్పుతానమ్మా" అని పంపించేసింది. ఆరేళ్ళనించీ అలాగే అనుకుంటోంది. నేను అనుకోనిచ్చా.

బాబాయ్ స్టవ్ తగ్గించాడు. తాత ఆఖరి కుట్టు వేసి, దారం పళ్ళతో తెంపి, బూట్లు నా చేతిలో పెట్టాడు. "తొడుక్కోకు. చేత్తోనే అక్క దగ్గరికి పట్టుకెళ్ళు" అన్నాడు.

లేచా. బట్టల కొట్లో అక్క ఎవరికో నీలం గుడ్డ విప్పి చూపిస్తోంది.

ఇంకోటి కూడా ఉంది తాతా. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. ముందు అక్క, నేలమీద మోకాలు పట్టుకుని. వెనకాల నేను. ఆ పేపరు కొనుక్కొచ్చి, ముందుగా ఫొటోలో నా బూట్లు ఎలా పడ్డాయో చూసుకున్నా.