గాలి సాయం వద్దన్న గార్లాండ్ స్టకీ గారు

1987 ఆగస్టు పదిహేడవ తేదీన శ్రీ గార్లాండ్ స్టకీ గారు హార్లన్ ఫ్లాట్స్ ఉన్నత పాఠశాలలో వెల్డింగ్ ఉపాధ్యాయులుగానూ, అమెరికన్ ఫుట్‌బాల్ సహాయ శిక్షకులుగానూ చేరినప్పుడు, వారికి అప్పగించినది ఎవరూ కోరుకోని పని. బంతి విసిరేవాడినీ కాదు, పట్టుకుని పరుగెత్తేవాడినీ కాదు; ముందు వరుసలో వంగి నిలబడి, ఎదుటివాణ్ణి భుజంతో నెట్టి, వెనకవాడికి దారి చేసే బరువైన కుర్రాళ్లను తీర్చిదిద్దడం. వాళ్ల పేర్లు పేపర్లో పడవు. వాళ్లలో ఎక్కువమంది జిన్నింగు మిల్లు కూలీల బిడ్డలు. స్టకీ గారు వారినే తనవారిగా చేసుకున్నారు.

1996లో వెల్డింగ్ షెడ్డు మూసేస్తామని స్కూలు బోర్డు తీర్మానించబోతే, వారు శిష్యులతో సహా సభకు వెళ్లి కూర్చున్నారు. లేవమన్నా లేవలేదు. షెడ్డు నేటికీ నడుస్తోంది.

ఇక 2009 నాటి ప్రాంతీయ చాంపియన్‌షిప్. ప్రత్యర్థి సేబుల్ రిడ్జ్ బంతి విసరడంలో దిట్ట; మనది పట్టుకుని దూసుకుపోయే ఆట. స్టకీ గారి శిష్యుడే అయిన మన ప్రధాన శిక్షకుడు ట్రెంట్ మెకాస్లిన్ శనివారం ఉదయం రెండు జట్ల ఆటతీర్లనూ బోర్డు మీద పక్కపక్కన రాశారు. వాళ్లు రెండు విసుర్లలో దాటే మైదానాన్ని మనం దాటడానికి, ఆటలో నాలుగో భాగమైన క్వార్టరులో సగం పడుతోందనీ, ఈ వారంలోనే మనమూ విసరడం నేర్వాలనీ వాదించారు.

స్టకీ గారు కాఫీ పక్కన పెట్టారు. "అబ్బాయ్, మనం ఆ అర క్వార్టరు తింటున్నంతసేపూ వాళ్ల విసిరే పిల్లాడు ఎక్కడుంటాడు? బెంచీ మీద. బెంచీ మీద నుంచి బంతి విసిరినవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు. నువ్వు చూశావా?"

"ఓడితే ఊరు నన్ను బతకనివ్వదు, సార్."

"నన్ను మాత్రం ముద్దు పెట్టుకుంటుందా?"

ఆటతీరు మారలేదు. కానీ ఓడితే ఇద్దరి కొలువూ ఊడుతుందని జట్టుకు డబ్బు సమకూర్చే పోషక సంఘం పెద్దలు అప్పటికే చెప్పి ఉన్నారు.

రెండు ఊళ్లకూ నడిమి దారిలో ఉన్న హోటల్లో రెండు జట్ల శిక్షకులూ కలిసి నాణెం ఎగరేయడం, గెలిచినవారు మైదానం కోరుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఆ మధ్యాహ్నం ట్రెంట్ తన తరఫున స్టకీ గారిని పంపారు. గెలిస్తే మన మైదానమే అడగమని ఊరంతా చెప్పి పంపింది. డిసెంబరు గాలికి అక్కడ విసిరిన బంతి విసిరినవాడి మాట వినదు. స్టకీ గారు నాణెం గెలిచారు. గెలిచి, నగరంలో పైకప్పున్న స్టేడియం కోరుకున్నారు. చిరుగాలైనా సోకని చోటు.

ఊరు భగ్గుమంది. ట్రెంట్ ఆయనను నిలదీశారు.

"మన మైదానంలో గెలిస్తే గాలి గెలిచిందంటారు," అన్నారు స్టకీ గారు. "మన పిల్లలు గెలిచారని ఒక్కడూ అనడు. ఇన్నేళ్లూ వాళ్ల గురించి ఎవడూ ఆ మాట అనలేదు. ఈసారి అనాలి."

ఆ వారమంతా ఇంటికి తిట్ల ఫోన్లు. శ్రీమతి వెల్మా గారే తీసి, ఆయన కుర్రాళ్ల దగ్గరున్నారనీ, తిట్లేవో తనకు చెబితే రాత్రి భోజనంలో వడ్డిస్తాననీ బదులిచ్చేవారు.

ఆట రోజు, చివరి క్వార్టరులో మనకు రెండు పాయింట్ల ఆధిక్యం. బంతి మన గోల్ గీత దగ్గర, మన చేతిలో. ఒక్కసారి అది చేజారితే ఆ విసిరే పిల్లాడికి అర నిమిషం చాలు. విసిరి బయటపడదామని ట్రెంట్ నోరు తెరిచారు. స్టకీ గారు ముందు వరుసవైపు చూశారంతే. ట్రెంట్ మళ్లీ నెట్టుకుపొమ్మనే సైగ చేశారు. కుర్రాళ్లు వంగారు, నెట్టారు, మళ్లీ వంగారు. ఒక్కో అడుగే ముందుకు జరిగారు. అవతల ఆ పిల్లాడు హెల్మెట్ పెట్టుకుని మైదానం పక్క గీత దగ్గరే నిలబడిపోయాడు. గడియారం అయిపోయింది. బంతి వాళ్ల చేతికి మళ్లీ వెళ్లలేదు. మర్నాటి పేపర్లో మొట్టమొదటిసారి ముందు వరుస కుర్రాళ్లందరి పేర్లూ పడ్డాయి.

తరువాతి వారం పై దశ పోటీలో మరో జట్టు చేతిలో చిత్తుగా ఓడిపోయాం. అదీ రాయాలి. ఈ వీడ్కోలు సంచికలో వారిని వేనోళ్ల పొగిడిన పెద్దల్లో కొందరు ఆనాడు వారిని తీసేయమన్నవారేనని కూడా రాయాలి.

ఈ మే నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న స్టకీ గారు, వెల్మా గారి తోడుగా, ఆరోగ్యంతో, ఎవరి తొందరకూ లొంగకుండా నిండు నూరేళ్లు జీవించాలని ఆకాంక్షిస్తున్నాము. జిన్నింగు మిల్లు పిల్లలు ఇకపైనా ముందు వరుసలో నిలబడతారు. వాళ్ల పేర్లు పేపర్లో పడేలా చూసే పని ఇక మాది.