సున్నా కింద

మంగళవాడలో ఆ యేడూ కరువే. తల్లి పొయ్యి మీద వేరుశనగకాయలు వేయిస్తోంది. ఏడో తరగతి కూతురు పక్కనే బొగ్గుతో నేల మీద లెక్క వేస్తోంది.

"మూడులోంచి ఐదు తీస్తే ఎంతమ్మా?"

"ఉండేదే మూడైతే ఐదెట్ల తీస్తావే, పిచ్చిదానా?"

"తీయొచ్చంట. మైనస్ రెండు వస్తాదంట. సున్నా కింద కూడా అంకెలు ఉండాయని మేష్ట్రు చెప్పినాడు."

"సున్నా అంటేనే ఏమీ లేదని కదా. దాని కింద ఇంకేముంటాది?"

"నేనూ అదే అడిగినా. పెద్దయితే తెలుస్తాది, కూర్చో అన్నాడు."

తల్లి నవ్వింది. "సరేలే. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. వేడిగా ఉండాయి, తిను."

"కాయలన్నీ అయిపాయ అంటివే? ఇవి యాడివి?"

తల్లి పుల్లను పొయ్యిలోకి ఎగదోసింది.

"అమ్మా, విత్తనం మూట విప్పితివా? ఆ కాయ ఒకటి నోట్లో వేసుకుంటేనే అవ్వ కొడుతుండె కదా!"

"అవ్వ ఉండింటే ఈ పొద్దు ఆమే విప్పుతుండె. తిను తల్లీ."

"మరి వానొస్తే ఏం విత్తుతాము?"

ఈ మాట అడుగుతుందని పొయ్యి వెలిగించినప్పుడే ఆమెకు తెలుసు. 

"ఇన్నేండ్లూ వాన రాదేమోనని భయపడితినమ్మా. ఈ యేడు, వస్తాదేమోనని భయంగా ఉండాది."